నా మీద నేనే రాసుకున్న ఆడిట్ పేరా

ముప్పై మూడేళ్లు ఆడిట్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. పంచాయతీల క్యాష్ పుస్తకాలు, మున్సిపాలిటీల వోచర్లు, గుళ్ల హుండీ లెక్కలు ఈ చేతుల మీదుగా పోయాయి. మస్టరు రోల్‌లో పదిమంది కూలీల సంతకాలు ఒకే చేతిరాతలో ఉంటే భూతద్దం లేకుండానే చెప్పేసేవాణ్ని. ఒక ఊళ్లో వీధి దీపాల లెక్కలో మూడు బల్బులు తేలకపోతే పొద్దుగూకేదాకా కుర్చీలోంచి లేవలేదు. నేనొస్తున్నానంటే కార్యదర్శులకు ముందురోజే జ్వరాలొచ్చేవి. గొప్పకు చెబుతున్నానని అనుకుంటారేమో. గొప్పకే చెబుతున్నాను. కిందకు పడ్డవాడు ఎంత ఎత్తునుంచి పడ్డాడో ముందు చెప్పుకోవాలి కదా.

ఆ కళ్లతోనే మా ఆవిడను మూడేళ్లు చూశాను. పార్కిన్సన్స్ జబ్బు మా వంటింట్లో, మా పడకగదిలో, మా వాకిట్లో తిరుగుతుంటే ఏమీ కనిపెట్టలేదు. కనిపెట్టలేదనడం కూడా తప్పు లెక్కే. ప్రతి తేడా నా కంటపడింది. పడినదాన్నల్లా పద్దు మార్చి రాసుకున్నాను. జబ్బు ఖాతాలో పడాల్సినవన్నీ పొగరు ఖాతాలో, బద్ధకం ఖాతాలో, పరధ్యానం ఖాతాలో వేశాను.

మాది తెనాలి. మా ఆవిడ ఇంగువ పోపు పెడితే మేడ మీద అద్దెకున్నవాళ్లు కిందకు దిగి ఏం వండారని అడిగేవాళ్లు. అలాంటిది ఒకరోజు చారు పోపు మాడి ఇల్లంతా కమురు కంపు. నేను వీధి గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఆవిడ పొయ్యి పక్కనే నిలబడి ఉంది. "ఫోనులో సీరియల్ చూస్తూ వంట చేస్తే ఇంతే" అన్నాను. "మాడిందా? నాకు వాసనే రాలేదండీ" అంది. ఆ వేసవిలో మూర మల్లెపూలు తెచ్చిస్తే దోసిట్లో పట్టుకుని చూసి, "ఈమధ్య మల్లెల్లో వాసన ఉండటం లేదు, ఏం మందులు కొడుతున్నారో" అంది. నేను ఆ మాట అందుకుని పూలతోటల రైతుల మీద ఒక ఉపన్యాసం ఇచ్చాను. ఆ రైతు నన్ను క్షమించాలి. ఆయన పువ్వులో లోపం లేదు. ఈ జబ్బు ఒంట్లో మొదలైన కొన్నేళ్లకు గాని చేతుల దాకా, కాళ్ల దాకా రాదు. అంతకు ముందే చాలామందికి వాసన పోతుంది. మలబద్ధకం పట్టుకుంటుంది. అదీ ఉంది ఆవిడకు. దానికి నేను రాసిన పద్దు: "మంచినీళ్లు తాగమంటే వినదు."

తరవాత రాత్రుళ్లు. నిద్రలో కేకలు పెట్టేది, చేతులు విసిరేది. ఒకనాటి రాత్రి కలలో ఏదో కుక్క తరుముతుంటే దాన్ని తన్నబోయి నా డొక్కలో తన్నింది. మామూలుగా మనం కల కంటున్నంతసేపూ ఒళ్లు కదలకుండా మెదడు గొళ్లెం పెట్టి ఉంచుతుంది. కొందరిలో ఆ గొళ్లెం ఊడిపోతుంది. కలలో పరుగెత్తితే మంచం మీదా కాళ్లు ఆడతాయి. జబ్బు బయటపడటానికి ఎన్నో ఏళ్ల ముందే ఇలా మొదలుకావచ్చని ఇప్పుడు తెలుసు. అప్పుడు నేను చేసిందేమిటంటే, "ముప్పై అయిదేళ్ల బాకీ తీర్చుకుంటోంది" అని పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెప్పి నలుగురినీ నవ్వించి, నా మడతమంచం హాల్లోకి మార్చుకున్నాను. నవ్వినవాళ్లలో ఆవిడ లేదు. ఆ సంగతీ గమనించాను. దానికీ ఒక పద్దు ఉంది.

ఆ పద్దే అన్నిటికంటే సిగ్గుమాలినది. మా ఆవిడ నవ్వడం తగ్గించింది. ఏం చెప్పినా మొహంలో ఏ కదలికా లేదు. రెప్ప కూడా అరుదుగా వేసేది. మనవడు మొదటిసారి "అమ్మమ్మా" అన్నప్పుడు వీడియో కాల్లో అందరం గంతులేస్తే ఆవిడ గోడలా చూస్తూ కూర్చుంది. అంతకు ముందు నెల వాళ్ల అన్నగారి కూతురు పెళ్లిలో కట్నం చదివించే దగ్గర నేను కాస్త పిసినారితనం చేసిన మాట నిజం. అందుకే మూతి ముడుచుకుందని తీర్మానించాను. ఆవిడ ముడిస్తే నేను ముడవలేనా? ఎనిమిది నెలలు నేనూ సరిగా మాట్లాడలేదు. అవతలి మనిషి మొహంలో కండరాలు బిగుసుకుపోయి నవ్వు బయటకు రాక లోపలే ఉండిపోతుంటే, ఇవతల ఒక ప్రబుద్ధుడు పంతం పట్టి కూర్చున్నాడు. మా పెదనాన్నగారి కోడలు అయితే, "అక్కయ్య ఇదివరకటిలా లేదు, మొహం చాటేస్తోంది" అని మా ఇంటికి రావడమే మానేసింది. నేను ఆమెను ఆపలేదు. నిజమేనన్నట్టు తలూపాను కూడా.

ఇక్కడ మధ్యలో ఒక చిన్న ప్రహసనం. ఆవిడ మాట నాకు వినపడటం మానేసింది. రెండోసారి అడిగితే విసుక్కుంటుందేమోనని, నాకే చెవుడు వచ్చిందనుకుని గుంటూరు వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, టోపీలాంటిది పెట్టి, కీచుమన్నప్పుడల్లా వేలెత్తమన్నారు. అన్నిటికీ ఎత్తాను. "మీ వయసుకు మీ చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి మాస్టారూ" అన్నాడు ఆ కుర్రాడు. ఇంటికొచ్చి, "వాళ్లకు మిషన్లు వాడటం చేతకాదు" అన్నాను. దానికి ఆవిడ ఏదో అంది. వినపడలేదు. చెవులు బాగున్నాయని తేలాక, మరి గొంతు ఏమైందని అడగాలి కదా! ముప్పై మూడేళ్లు జమా ఖర్చూ ఎదురెదురుగా పెట్టి చూసినవాడికి ఆ రెండో వైపు తట్టలేదు.

కుడి భుజం పట్టేసిందంటే మాత్రం ఎముకల డాక్టరుకు చూపించాను. అప్పుడు నా బాధ్యత నెరవేరిందనుకున్నాను. కాపడాలు, తైలాలు, తాడూ కప్పీ కట్టి చెయ్యి లాగించడాలు నాలుగు నెలలు సాగాయి.

ఇక ముగ్గు సంగతి. ధనుర్మాసం వస్తే మా వీధిలో మా ఆవిడ ముగ్గు చూడటానికే ఆడవాళ్లు నడిచొచ్చేవారు. ఇరవై ఒక్క చుక్క పెట్టి, మెలికలు తిప్పి, చెయ్యి ఎత్తకుండా కలుపుకుపోయేది. కనుమనాడు రథం ముగ్గు వేసి, దాని తాడు పక్కింటివాళ్ల రథం దాకా లాగి కలపడం మా వీధి ఆచారం. తాడు కలవకుండా రథాన్ని ఒంటరిగా వదలకూడదంటారు. ఆ ఏడు మొదటి వరస చుక్కలు జానెడు ఎడంలో ఉంటే, చివరి వరసకు వచ్చేసరికి బెత్తెడు కూడా లేవు. రథం ఒకవైపు పెద్దదిగా మొదలై రెండోవైపు కుంచించుకుపోయింది. తాడు వాకిలి దాటలేదు. పక్కింటి కోడలుపిల్ల ఏమీ అనకుండా వాళ్ల తాడునే పొడుగ్గా లాగి మా రథానికి కట్టింది. నేను కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి, "ఏమిటే, ముగ్గుపిండి ధరగానీ పెరిగిందా?" అన్నాను.

రాస్తున్నకొద్దీ అక్షరం చిన్నదైపోవడం ఈ జబ్బు చిహ్నాల్లో పాతది, పేరున్నది. మా ఆవిడ పెద్దగా రాయదు కాబట్టి నాకు తెలియలేదని తప్పించుకోవచ్చు. కానీ వంటింటి గోడకు సాక్ష్యం మేకు కొట్టి మరీ వేలాడుతోంది. పాలపద్దు ఆవిడ తేదీల క్యాలెండరు గళ్లలోనే రాస్తుంది. జబ్బు తేలాక, పాత క్యాలెండర్లు మూడు అటకమీద నుంచి దించి వరసగా పరిచాను. మొదటి ఏడు జనవరిలో "లీటరు" అన్న మాట గడి నిండా ఉంది. రెండో ఏటికి సగం గడికి వచ్చింది. మూడో ఏడు దసరాకు చీమలు పాకినట్టుంది. చేతిరాత చూసి దొంగ సంతకాలు పట్టినవాణ్ని రోజూ ఆ గోడముందే కూర్చుని అన్నం తిన్నాను.

ఇది పట్టింది ఎవరంటే, ముక్కూ మొహం తెలియని ఒక ఇల్లాలు. బంధువుల ఇంట్లో పెళ్లి. మగపెళ్లివారి తరఫు ఆవిడ. మా ఆవిడ భోజనాల పందిట్లోంచి చెయ్యి కడుక్కోవడానికి నడిచి వెళుతుంటే చూసింది. నా దగ్గరకొచ్చి, "అన్నయ్యగారూ, ఏమీ అనుకోనంటే ఒక మాట. వదినగారు నడుస్తుంటే కుడి చెయ్యి ఊగడం లేదు, చూశారా?" అంది.

"భుజం పట్టేసిందమ్మా" అన్నాను.

"మా వారికీ రెండేళ్లు భుజమే అన్నారండీ. ఎందుకైనా మంచిది, ఒకసారి న్యూరో డాక్టరుకు చూపించండి."

నాకు ఒళ్లు మండింది. శుభమా అని పెళ్లికొచ్చి, పెళ్లికొడుకు వైపువాళ్లమనే ధీమాతో మా ఇంటిమనిషికి జబ్బు అంటగడుతుందా అనిపించింది. ఆ కోపంలో ఇంకో రెండు నెలలు గడిపాను.

న్యూరాలజిస్టు చేసిందంతా పావుగంట పని. బొటనవేలితో చూపుడువేలిని తాళం వేసినట్టు కొట్టమన్నారు. పదిసార్లు కొట్టేసరికి ఆ కొట్టుడు చిన్నదైపోయింది. పిడికిలి మూసి తెరవమన్నారు. మణికట్టు పట్టుకుని తిప్పి చూశారు. వరండాలో అటూ ఇటూ నడవమన్నారు. ఒక వాక్యం రాయమన్నారు. "పార్కిన్సన్స్ అండీ" అన్నారు.

"స్కానింగు చేయకుండా ఎలా చెబుతారు?" అన్నాను. వోచరు లేని పద్దు ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

"దీనికి ముఖ్యమైన పరీక్ష చూడటమేనండీ. స్కానింగు రాస్తాను. అది ఇంకేదైనా జబ్బు కాదుకదా అని తేల్చుకోవడానికి."

"వణుకు లేదుగా మరి?"

"అందరికీ ఉండదు. కొందరికి బిగుసుకుపోవడం, నెమ్మదించడం, ఇవే ముందు."

మా ఆవిడ అప్పుడు నోరు తెరిచి, "పక్షవాతమా బాబూ?" అని అడిగింది. కాదన్నారు. ఆయన కాగితం మీద మెదడు బొమ్మ గీసి చూపించారు. అడుగున నల్లగా కనిపించే ఒక చిన్న భాగం ఉంటుంది. అక్కడి కణాలు డోపమైన్ అనే పదార్థం తయారుచేస్తాయి. అనుకున్న కదలిక అనుకున్నట్టు సాఫీగా రావడానికి అది కావాలి. ఆ కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. ఎందుకో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. సగానికి పైగా పోయాక గాని చేతుల్లో, నడకలో తేడా కనిపించదు. అంటే ఖజానా సగం పైగా ఖాళీ అయ్యేదాకా బయటివాళ్లకు తెలియదన్నమాట. పక్కనే కూర్చున్న ఆడిటరుకు ఆ తరవాత ఇంకో మూడేళ్లకు తెలిసింది.

ఇంతటితో నా తెలివితక్కువతనం ఆగిందనుకుంటే పొరపాటు. జబ్బు పేరు తెలిశాక అది కొత్త బట్టలు కట్టుకుంది.

మొదట దాచాను. చిన్నదానికి సంబంధాలు చూస్తున్నాం. "అది తల్లి నుంచి పిల్లలకు వస్తుందటగా" అని ఎవరైనా అంటే? నూటికి తొంభై మందిలో అలా వంశంలో దిగే రకం కాదని డాక్టరు చెప్పినా నా భయం నాది. ఎవరడిగినా మెడనొప్పి అన్నాం. దానివల్ల మా పెదనాన్నగారి కోడలి అలక ఇంకో ఏడాది నడిచింది. ఒక్కమాట చెప్పి ఉంటే మర్నాడే వచ్చేది.

మాత్రలు పాలతో ఇచ్చాను. బలం కదా అని. పొద్దున మాత్రా పెసరట్టూ ఒకేసారి. లెవోడోపా అనే ఆ మందూ, మనం తిన్న పప్పులోని, పాలలోని మాంసకృత్తులూ ఒకే గుమ్మంలోంచి లోపలికి పోవాలి. రద్దీలో మందు బయటే నిలబడిపోతుంది. అందుకని తిండికి అరగంట ముందో, తిన్న గంట తరవాతో వేయాలి. చీటీ మీద రాసే ఉంది. వేరేవాళ్లు రాసిన షరాలు చదివే అలవాటు నాకు లేదు.

దూలగొండి సంగతి వేరే చెప్పాలి. ఈ లెవోడోపా మన చేలగట్ల మీద దొరికే దూలగొండి గింజల్లో ఉందని 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు తేల్చారు. కంపవాతానికి ఆయుర్వేదం ఆ గింజను ఎప్పటినుంచో వాడుతోంది. ఇది ఎక్కడో చదివాను. చదివి ఊరుకోవచ్చు. మన గింజ ఉండగా మాత్రలెందుకని, మూలికల కొట్టులో పొడి కొని, మాత్రలు ఆపేసి, చెంచా లెక్కన కలిపి ఇచ్చాను. ఏ గింజలో ఎంత మందుందో, ఆ పొట్లంలో అసలు గింజ ఎంతో నాకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. మాత్రలో ఆ మందు దారిలోనే ఖర్చయిపోకుండా మెదడు దాకా చేర్చే ఇంకో మందు కలిసి ఉంటుందని కూడా తెలియదు. నాలుగో రోజుకు ఆవిడ పక్కమీద ఇటునుంచి అటు తిరగలేకపోయింది. ఫోను చేస్తే డాక్టరుగారు నా పెద్దరికం చూడకుండా తిట్టారు. ఈ మాత్రలు ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు కొయ్యబారి, జ్వరం పెరిగి ప్రాణం మీదకు రావచ్చని అప్పుడు చెప్పారు. గింజ మంచిదే. తూకం తెలియనివాడి చేతికి ఇవ్వకూడదు, అంతే.

ఆ తిట్లు తిన్నాక నాలో మార్పు వచ్చింది. అది మంచి మార్పనుకున్నాను. ఇన్నాళ్ల పాపానికి ప్రాయశ్చిత్తంగా నలుగురికీ చెప్పాలనిపించింది. ఏప్రిల్ 11 ప్రపంచ పార్కిన్సన్స్ దినం. జేమ్స్ పార్కిన్సన్ 1755లో ఆ రోజున పుట్టాడు. పెన్షనర్ల సంఘం హాలు మాట్లాడి, "అవగాహన సదస్సు" అని ఫ్లెక్సీ కొట్టించాను. ఫ్లెక్సీ మీద ఫోనులో దొరికిన పార్కిన్సన్ ఫొటో. తెల్లగడ్డం, కోటు. ఈ జబ్బుకు గుర్తు ఎర్ర ట్యులిప్ పువ్వట. తెనాలిలో ట్యులిప్పులు ఎక్కడివి, ప్లాస్టిక్ గులాబీలు తెచ్చి వేదికంతా గుచ్చాను. "మన గోడపక్క ఎర్రమందారాలు ఉన్నాయిగా" అంది మా ఆవిడ. వినపడలేదు. ఈసారి గొంతు వల్ల కాదు.

సభ మూడున్నరకు అని వేసి నాలుగింటికి మొదలుపెట్టాం. జనం బాగానే వచ్చారు. మా ఆవిడ ముందు వరసలో. ఆ పెళ్లిలో మాట్లాడిన ఆవిడ కూడా, నేను పిలవకపోయినా ఎవరి ద్వారానో విని, భర్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. నేను మైకు పట్టుకున్నాను. పార్కిన్సన్ లండన్ శివార్లలో మందులిచ్చే వైద్యుడని, 1817లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో ఆరుగురు రోగుల గురించి రాశాడని, వాళ్లలో ఇద్దరిని వీధిలో ఆపి మాట్లాడాడని, ఒకరినైతే దూరం నుంచి చూశాడంతేనని చెప్పాను. 2019 నాటికే లోకంలో 85 లక్షల మందికి పైగా ఈ జబ్బుతో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసిందన్నాను. అప్పుడు ముందు వరస చివర కూర్చున్న ఒక పదో తరగతి కుర్రాడు చెయ్యెత్తాడు.

"తాతగారూ, ఆయన ఎప్పుడు చనిపోయారు?"

"1824."

"మరి ఆ ఫొటో ఎవరిదండీ?"

హాలు నిశ్శబ్దం. మనిషి ఫొటో తీయడమన్నది పార్కిన్సన్ పోయిన పదిహేనేళ్లకు గాని జనంలోకి రాలేదు. ఆయన బొమ్మ అని నమ్మదగ్గది ఒక్కటి కూడా మిగల్లేదట. లోకమంతా తిరుగుతున్న ఆ ఫొటో అదే పేరున్న ఇంకెవరిదో. తేదీలు సరిపోని వోచరును ఆరడుగుల ఫ్లెక్సీ వేయించి నెత్తిమీద కట్టుకున్నాను. "మంచి ప్రశ్న" అని ముందుకు దూకాను. తెలివితక్కువవాళ్ల ఊతపదం అది.

పరువు నిలుపుకోవాలని నా దగ్గరున్న మంచి కథ తీశాను. 1950లలో స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ అనే శాస్త్రజ్ఞుడు కుందేళ్లకు రిసర్పిన్ ఇచ్చాడు. అది మన సర్పగంధి వేరులోంచి వచ్చే మందు. కుందేళ్లు చెవులు వాల్చేసి, కదలకుండా, రాళ్లలా కూర్చుండిపోయాయి. అప్పుడు లెవోడోపా సూది వేశాడు. కాసేపట్లో చెవులు నిక్కాయి, కుందేళ్లు లేచి గెంతాయి. 2000లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఈ కథ నేను బాగా చెబుతాను. కుందేలు చెవుల్లా రెండు చేతులూ తలమీద పెట్టి, మెల్లగా వాల్చి చూపిస్తున్నాను. అప్పుడు జేబులో ఫోను మోగింది. తీసి నొక్కేసి మళ్లీ చేతులు తలమీద పెట్టాను. జనం నవ్వారు.

ఆ మోగింది ఎవరి కాలూ కాదు. మా ఆవిడ మాత్ర అలారం. నాలుగింటి మాత్రను సభ హడావుడిలో కాస్త వెనక్కు జరిపి నాలుగున్నరకు పెట్టాను.

అయిదున్నరకు జనగణమన అన్నారు. అందరూ లేచారు. మా ఆవిడ లేవలేదు. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి ఉన్నాయి, ఒళ్లు రావడం లేదు. మొహంలో ఏ భావం లేదు, కళ్లు మాత్రం నావైపే ఉన్నాయి. వెనకవరసలో ఒక పెద్దాయన, "జాతీయగీతానికైనా లేవరేమిటండీ" అన్నది నాకు మైకు దగ్గరికి వినపడింది. నా చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయని ముందే చెప్పానుగా. గంటన్నర సేపు ఈ జబ్బుమీద ఉపన్యాసం విన్న మనిషి ఆయన. ఆయన్ను ఏమనగలను? గంటన్నరలో నేను ఆయనకు కుందేళ్లను చూపించాను.

మాత్ర వేసి, ఇద్దరం పట్టి లేవదీశాం. గుమ్మం దాకా వచ్చింది. గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోయాయి. "నడు, నడు, అందరూ చూస్తున్నారు" అని రెక్క పట్టి లాగాను. లాగినకొద్దీ ముందుకు పడిపోతోందే తప్ప కాలు లేవదు. అప్పుడు ఆ పెళ్లి ఇల్లాలు వచ్చి, "లాగకండి అన్నయ్యగారూ" అని, తన పాదాన్ని మా ఆవిడ పాదాలకు అడ్డంగా పెట్టింది. "వదినా, నా కాలు దాటు" అంది. మా ఆవిడ దాటింది. ఆ తరవాత గడపా దాటింది.

ఆ రహస్యం తరవాత ఫిజియోథెరపీ అమ్మాయి విడమరిచి చెప్పింది. తనంతట తాను పడాల్సిన అడుగు ఆగిపోతుంది గానీ, దాటడానికి కళ్లెదురుగా ఒక గీత కనిపిస్తే చాలామందికి కాలు లేస్తుంది. మా ఇంటి నడవలో అడుగడుగునా అడ్డంగా గీతలుండాలంది. నేను రంగు టేపు కొనుక్కొస్తానన్నాను. "టేపెందుకూ" అని మా ఆవిడ ముగ్గుపిండి డబ్బా తెచ్చింది. పొద్దున్నే వంటింటి నుంచి పెరటి దాకా గీతలు వేసుకుంటుంది. కొన్ని వంకర. మనవడు వస్తే వాడూ వాటిమీదే గెంతుతూ నడుస్తాడు. గొంతుకూ అభ్యాసాలున్నాయి. గట్టిగా అరిచి మాట్లాడటమే అభ్యాసం. ఆ పాఠం ఆవిడ కూరలబండివాడి మీద చేస్తోంది. బెండకాయల బేరం ఇప్పుడు వీధి చివరికి వినపడుతోంది.

ఇదంతా ఆవిడకు చదివి వినిపించాను. మూడు అభ్యంతరాలు రాయించింది. ఒకటి, కట్నం దగ్గర చేసింది "కాస్త" పిసినారితనం కాదు. రెండు, ఆ రోజుల్లో మూతి ముడిచిన మాట కూడా నిజమే, అంతా జబ్బు మీదకు తోసేయొద్దు. మూడు, "ఉపన్యాసం మళ్లీ ఇస్తున్నారు, జనానికి పనికొచ్చేది చెప్పండి."

చెబుతున్నాను. మీ ఇంట్లో పెద్దవాళ్లు నడుస్తుంటే ఒకసారి వెనక నుంచి చూడండి, రెండు చేతులూ ఊగుతున్నాయా అని. వాళ్ల చేతిరాత నిరుడు ఎలా ఉందో, ఇప్పుడెలా ఉందో పక్కపక్కన పెట్టండి. పోపు మాడితే తిట్టేముందు వాసన తెలుస్తోందా అని అడగండి. నిద్రలో తంతే నవ్వుకోండి, కానీ డాక్టరుకూ చెప్పండి. ఇందులో ఏ ఒక్కటి ఉన్నా అదే జబ్బని కాదు. వాసన జలుబుకూ పోతుంది, భుజం షుగరుకూ పట్టేస్తుంది. కొన్ని మాత్రలు వాడినా ఇలాంటి బిగుతు రావచ్చు, అవి మార్చగానే తగ్గవచ్చు. రెండు మూడు కలిసి కనిపిస్తే మాత్రం న్యూరాలజిస్టు దగ్గరకు వెళ్లండి. జబ్బును కుదర్చలేరు గానీ, మందులతో, వ్యాయామంతో ఏళ్ల తరబడి తన పని తాను చేసుకునేలా చూడగలరు. ఆస్పత్రిలో వేరే ఏ కారణానికి చేర్చినా, ఈ మాత్రలు టైముకు పడాలని అక్కడి నర్సుకు మొదటిరోజే చెప్పండి. ఎవరింట్లోనైనా మొహంలో నవ్వు లేని మనిషి ఎదురైతే, అలిగి వచ్చేయకుండా ఇంకో పది నిమిషాలు కూర్చోండి.

నాలుగింటి అలారం ఇప్పుడు ఆవిడ ఫోనులోనే ఉంది. నా దాంట్లోంచి తీసేయించింది.